మా నిద్రకు మతం లేదు

పక్కింటి కుక్కలు రాత్రంతా మొరుగుతాయి. మాకు నిద్ర ఉండదు. విషయం ఇంతే. రెండిళ్ల మధ్య ఒక గోడ. గోడకు అటువైపు గొలుసులతో కట్టేసిన రెండు కుక్కలు. ఇటువైపు మంచం మీద పొర్లుతున్న మనుషులు. ప్రతి ఊళ్లో, ప్రతి కాలనీలో ఉన్న తగాదాయే ఇది. రెడ్డిగారింటికీ శర్మగారింటికీ మధ్య వస్తే దీన్ని కుక్కల తగాదా అంటారు. నాలుగు రోజులు మాటలుండవు, ఐదో రోజు ఎవరో ఒకరు సర్దిచెప్తారు, అయిపోతుంది. అదే తగాదాలో ఒక పక్క మేం ఉంటే మాత్రం అది కుక్కల తగాదాగా మిగలదు. పొద్దున చాయ్ చల్లారేలోపల హిందూ ముస్లిం వ్యవహారమై కూర్చుంటుంది.

ఎందుకట్లా అవుతుంది? మేం అడగదల్చుకున్నది ఇదే.

ఫిర్యాదు చేసిన ప్రతిచోటా మాకొచ్చిన జవాబుల్ని వరుసగా పెట్టి చూడండి. కుక్కల యజమాని గేటు దగ్గర నిలబడి నవ్వుతూ అంటాడు: "భాయ్, మీకు కుక్కలు పడవు కదా, అందుకే మీకట్ల అనిపిస్తది." కాలనీ సంఘం పెద్దమనిషి ఇంకొంచెం మర్యాదగా చెప్తాడు: "మీవాళ్లకు కుక్కంటే మైల కదండీ. మాకట్ల కాదు, ఇంట్లో మనిషి లెక్క చూసుకుంటం." ఠాణాలో రైటరు మా కాగితాన్ని కిందినుంచి చదువుతాడు. ముందు సంతకం చూస్తాడు. తర్వాత మా మొహం చూస్తాడు. ఆ తర్వాత, తీరికుంటే, ఫిర్యాదు చూస్తాడు. "కుక్క మొరగక అజాన్ ఇస్తదా?" అని ఒక జోకు వేస్తాడు. గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వుతారు. మేమూ నవ్వాల్సొస్తుంది.

గమనించారా? ఈ ముగ్గురిలో ఒక్కరూ కుక్కలు మొరగడం లేదని అనలేదు. రాత్రి ఏ వేళకు మొరిగాయి, ఎంతసేపు మొరిగాయి అని ఒక్కరూ అడగలేదు. మొరుగుడు వాళ్లకూ వినపడుతూనే ఉంది. ఫిర్యాదును పక్కనపెట్టి వాళ్లు మా పేరుకు జవాబు చెప్పారు.

సరే, మాకు కుక్కలు పడవనే మాటే తీసుకుందాం. మా మజ్హబ్ గురించి మాకే పాఠం చెప్పే ఈ పెద్దమనుషులకు తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. ఖురాన్‌లో 18వ సూరా అల్ కహఫ్. అందులో గుహలో తలదాచుకున్న యువకులతోపాటు గడప దగ్గర ముందుకాళ్లు చాపుకుని ఒక కుక్కా ఉంటుంది. దాహంతో అల్లాడుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తన తోలుజోడుతో నీళ్లు తెచ్చి తాగించిన మనిషికి పాపాలు మాఫ్ అయ్యాయన్న హదీసు బుఖారీలోనూ ఉంది, ముస్లింలోనూ ఉంది. వేటకు, మందకు, పొలం కాపలాకు కుక్కను పెట్టుకోవచ్చు. కుక్క చొంగ తగిలితే కడుక్కోవాలని మేం పాటించే హనఫీ పద్ధతి చెప్తుంది. మాలికీ పద్ధతివాళ్లు బతికున్న కుక్కను నాపాక్ కింద లెక్కించనే లెక్కించరు. మా పల్లెల్లో గొర్రెలు, మేకలు సాకుకునే సాయిబుల ఇళ్ల ముందు కుక్క లేకుండా తెల్లారదు.

ఇదంతా చెప్పాక మాకే ఒళ్లు మండుతుంది. పక్కింటాయనను కుక్కల్ని కాస్త అదుపులో పెట్టుకొమ్మని అడగడానికి మేం సూరాలు, హదీసులు తెచ్చి మా కుక్కప్రేమను రుజువు చేసుకోవాలా? మాలో ఎవరికైనా నిజంగానే కుక్కంటే భయమో, రోతో ఉందనుకోండి. నమాజు బట్టలకు కుక్క మూతి తగలకూడదని ఒక ముసలావిడ తప్పుకుని నడుస్తుందనుకోండి. అంతమాత్రాన ఆమెకు రాత్రిపూట నిద్రపోయే హక్కు పోతుందా? మాంసం ముట్టని మనిషి తన ఇంటి పక్క కోళ్ల దుకాణం చెత్త కంపు కొడుతోందని ఫిర్యాదు చేస్తాడు. "నువ్వు శాకాహారివి, అందుకే నీకు కంపు" అని ఆయన్ను ఎవరైనా వెనక్కి పంపుతారా? మున్సిపాలిటీ బండి పరిగెత్తుకొస్తుంది. ఆయన ముక్కుకు మతం అంటగట్టని ఈ సమాజం మా చెవులకు మాత్రం ఎందుకు అంటగడుతుంది?

కుక్కల మొరుగుడు మీద నవ్వుకోవడం మాకు చేతకాదని కాదు. ఉర్దూలో పత్రస్ బుఖారీ 'కుత్తే' అని ఒక వ్యాసం రాసి, వీధికుక్కల రాత్రి కచేరీని ముషాయిరాతో పోల్చి చదివినవాళ్లను కడుపుబ్బ నవ్వించాడు. మేమూ నవ్వుకున్నాం. కానీ ఇప్పుడు మాకు పత్రస్ కంటే మంటో ఎక్కువ గుర్తొస్తున్నాడు. సాదత్ హసన్ మంటో కథ 'టిట్వాల్ కా కుత్తా'లో సరిహద్దుకు రెండువైపులా సైనికులుంటారు, మధ్యలో దిక్కులేని ఒక కుక్క ఉంటుంది. నువ్వు హిందుస్తానీవా, పాకిస్తానీవా అని ఆ కుక్కనే నిలదీస్తారు. చివరికి రెండువైపుల తూటాల మధ్య అది చచ్చిపోతుంది. మా కాలనీలో కథ కొంచెం మారింది. కుక్కను ఎవరూ ఏమీ అడగరు. దాని మొరుగుడు భరించలేకపోతున్న మనిషిని అడుగుతారు, నువ్వెవరివని.

"అంత ఇబ్బందైతే గట్టిగా కొట్లాడొచ్చు కదా" అనే మిత్రులున్నారు. గట్టిగా కొట్లాడటానికి కాళ్లకింద నేల గట్టిగా ఉండాలి. హైదరాబాద్ కొత్త కాలనీల్లో అద్దె ఇల్లు వెతుక్కున్న మాలో ప్రతి ఒక్కరికీ ఒకే అనుభవం. టు లెట్ బోర్డు చూసి గేటు తడతాం. గదులు చూపిస్తారు. నల్లా ఎప్పుడొస్తుందో చెప్తారు. అద్దె కుదురుతుంది. "ఇంతకూ మీ పేరు?" అంటారు. పేరు చెప్పగానే ఇంటాయనకు ఊరినుంచి రాబోయే బావమరిది గుర్తొస్తాడు. ఇల్లు వాళ్లకే కావాల్సొస్తుంది. బోర్డు మాత్రం ఇంకో నెల గేటుకు వేలాడుతూనే ఉంటుంది. శాకాహారులకు మాత్రమే అని బోర్డు మీదే రాసినవాళ్లు కొంత నయం, గేటు తట్టే శ్రమ తప్పిస్తారు. అట్లా పది గేట్లు తిరిగాక దొరికిన ఇల్లు ఇది. పదకొండు నెలల అగ్రిమెంటు.

ఆ ఇంట్లో ఉంటూ పక్కింటివాళ్లతో పేచీ పెట్టుకుంటే ఇంటి ఓనరు ఎవరి పక్క ఉంటాడు? పక్కింటాయన ఆయనకు ఇరవై ఏళ్ల స్నేహితుడు. మేం నిన్న వచ్చినవాళ్లం. "మీరొచ్చినంకనే గల్లీల లొల్లి మొదలైంది" అంటే మా దగ్గర జవాబు ఉండదు, మూటాముల్లే ఉంటుంది. అందుకని కిటికీ మూసుకుంటాం. ఎండాకాలం కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే మొరుగుడు. ఈ రెండింటి మధ్య మా రాత్రి.

మాలో పత్రికల్లో రాత్రి డ్యూటీ చేసి రెండింటికి ఇల్లు చేరేవాళ్లున్నారు. గల్లీ మలుపు తిరగ్గానే అడుగుల చప్పుడుకు అవి లేస్తాయి. మేం ఏ వేళకు ఇంటికొస్తున్నామో గల్లీ మొత్తానికి తెలిసిపోతుంది. తెల్లారి ఎవరో ఒకరు అడుగుతారు, రాత్రుళ్లు ఎక్కడ తిరుగుతున్నావు భాయ్ అని. అడిగేవాడు నవ్వుతూనే అడుగుతాడు, వినేవాళ్లం మాత్రం నవ్వలేం. రాత్రంతా ఆటో నడిపి పగలు పడుకోవాల్సినవాళ్లున్నారు. ఆస్పత్రి నర్సులున్నారు. బీపీ మాత్ర వేసుకుని పడుకున్న అమ్మీ ఉంది. ఇంటర్ పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారు. రంజాన్‌లోనైతే తరావీహ్ అయి పడుకున్నాక సహరీకి లేచేదాకా మిగిలేదే మూడు నాలుగు గంటలు. అదీ ముక్కలు ముక్కలు.

మాట ఇక్కడిదాకా వచ్చేసరికి ఒక ప్రశ్న ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "మరి మీ మసీదు మైకు సంగతేంది?"

మేం ఈ ప్రశ్నను తప్పించుకోం. 2000 ఫిబ్రవరిలో కేంద్రం శబ్ద కాలుష్యం మీద నియమాలు తెచ్చింది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 గంటలనుంచి పొద్దున 6 దాకా. ఆ వేళల్లో మూసిన హాళ్లలో తప్ప లౌడ్‌స్పీకర్లు కూడదు. అదే ఏడాది ఆగస్టులో ఒక చర్చికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు, పక్కవాళ్ల ప్రశాంతత చెడగొడుతూ మైకుల్లో ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదంది. 2005 జూలైలో ఇంకో అడుగు ముందుకేసింది. తన ఇంట్లోనే అయినా సరే, గోడ దాటిపోయి పక్కవాళ్లను బాధించే శబ్దం చేసే హక్కు ఎవరికీ లేదని, ప్రశాంతంగా బతకడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఈ చట్టం ఫజర్ అజాన్ మైకుకూ వర్తిస్తుంది. గుడి సుప్రభాతానికీ, గణేశ్ మండపం డీజేకూ, మా పెళ్లిళ్ల బరాత్ బ్యాండుకూ వర్తిస్తుంది. అమలు చేయండి. అందరికీ చేయండి. మేం కాదనం.

2022 ఏప్రిల్‌లో మహారాష్ట్రలో ఒక పార్టీ మసీదుల మైకులు దించాలని మే 3 దాకా గడువు పెట్టింది. దించకపోతే ఎదురుగా హనుమాన్ చాలీసా మైకులు పెడతామంది. ఆ రోజుల్లో దేశమంతా టీవీల ముందు కూర్చుని డెసిబెల్స్ నేర్చుకుంది. నాలుగైదు నిమిషాల అజాన్ ఎన్ని డెసిబెల్సో లెక్కగట్టిన మిత్రులారా, అదే యంత్రాన్ని ఒకసారి పక్కింటి గేటు దగ్గర పెట్టండి. పెద్ద కుక్క గట్టిగా మొరిగితే దగ్గర్లో 80 డెసిబెల్స్ దాటుతుంది. ప్రతి 10 డెసిబెల్స్‌కు శబ్ద తీవ్రత పదిరెట్లు పెరుగుతుంది. ఇక్కడ మొరిగేది నాలుగు నిమిషాలు కాదు, నాలుగు గంటలు. కొలబద్దను తెచ్చింది మీరు. అది అందరికీ ఒకటే ఉండాలని మాత్రమే మేం అడుగుతున్నాం. మసీదు ముందు చట్టం మాట్లాడి, పక్కింటి గేటు ముందు సర్దుకుపొమ్మంటే అది చట్టం కాదు, పెత్తనం.

ఇంకో మాట కూడా తేల్చి చెప్పాలి. మేం కుక్కల మీద యుద్ధం ప్రకటించలేదు. వాటిని కాలనీనుంచి వెళ్లగొట్టమని మేం అడగడం లేదు. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం కాలనీ సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. మంచిదే. వీధిలోంచి వెళ్లగొట్టబడటం అంటే ఏంటో మాకంటే ఎవరికి బాగా తెలుసు? కానీ పెంచుకునేవాళ్లు తమ కుక్కల వల్ల ఇరుగుపొరుగుకు ఇబ్బంది రాకుండా చూసుకోవాలని కూడా అవే మార్గదర్శకాలు చెప్పాయి. మొదటి సగం కంఠతా వచ్చినవాళ్లకు రెండో సగం గుర్తుండదు.

అసలు ఆ కుక్కలు ఎందుకు మొరుగుతున్నాయో యజమాని ఎన్నడైనా ఆలోచించాడా? గేటు సందుల్లోంచి వచ్చేపోయే ప్రతి మనిషీ కనిపిస్తుంటే మొరుగుతాయి. ఆ మనిషి తన దారిన తాను పోతాడు. కుక్క తానే తరిమేశానని అనుకుని మర్నాడు ఇంకా గట్టిగా మొరుగుతుంది. రోజంతా కాళ్లు కదిపే దారి లేకపోతే మొరుగుతుంది. ఒంటరిగా వదిలేస్తే మొరుగుతుంది. ఒకటి మొదలుపెడితే రెండోది అందుకుంటుంది. యజమాని లోపల్నుంచి "చుప్" అని అరిస్తే, ఆయన కూడా తమతో గొంతు కలిపాడని వాటికి హుషారు పుడుతుంది. పండగకు ఊరెళ్తూ గిన్నెలో అన్నం పోసి, వాచ్‌మన్‌కు ఒక మాట చెప్పి, తాళం వేసుకుపోయే ప్రేమ ఏం ప్రేమ? ఇంట్లో మనిషి లెక్క చూసుకోవడమంటే ఇదేనా? ఇంట్లో మనిషిని ఇట్లా గొలుసుతో గేటుకు కట్టేస్తారా?

1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ చదవండి. మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసో బంధించో ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడం నేరం. అంటే, రాత్రి మేం వింటున్న మొరుగుడు మా ఫిర్యాదు కంటే ముందు కుక్క పెట్టుకున్న ఫిర్యాదు. మా కాగితంలాగే దాన్నీ ఎవరూ చదవలేదు.

కాబట్టి పక్కింటాయనను మేం అడిగేది చాలా కొంచెం. రాత్రి 10 దాటాక కుక్కల్ని ఇంట్లోకి తీసుకోండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బయట తిప్పండి. గల్లీ కనిపించే గేటు సందులకు రేకు కొట్టించండి. మా పడకగది గోడ పక్కనుంచి వాటి చోటు అటువైపు మార్చండి. ఊరెళ్తే మనిషిని పెట్టి వెళ్లండి. నగరపాలక సంస్థ లైసెన్సు, రేబిస్ టీకా కాగితాలు సరిగా ఉంచుకోండి. వీటిలో ఏ ఒక్కదానికైనా మీ మతం అడ్డొస్తుందా? మా మతం అడ్డొస్తుందా?

వినకపోతే చట్టం దారి ఉండనే ఉంది. శబ్దం పరిమితికి మించి 10 డెసిబెల్స్ దాటితే ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చని 2000 నాటి నియమాల్లో ఏడోది చెప్తుంది. గల్లీ మొత్తాన్ని బాధపెట్టే న్యూసెన్సును తొలగించమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌ను అడగొచ్చు. పాత సీఆర్‌పీసీలో అది 133వ సెక్షన్. 2024 జూలై 1నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంతసేపు మొరిగాయో నోటుబుక్కులో రాసిపెట్టుకుంటే చాలు. ఆ పుస్తకంలో తేదీలుంటాయి, గంటలుంటాయి. మతం గడి ఉండదు.

మావాళ్లకూ రెండు మాటలు చెప్పాలి. ఫిర్యాదులో నాపాక్ అనే మాట రాయకండి. అది మీ వజూకు సంబంధించిన సంగతి, మున్సిపాలిటీకి సంబంధించింది కాదు. ఆ మాట రాసిన నిమిషంలో మన నిద్ర సంగతి పక్కకు పోయి మన మతం సంగతి మొదలవుతుంది. ఎదుటివాళ్లకు కావాల్సిందీ అదే. కోపంలో రాయి అందుకోకండి. విషం మాట కలలో కూడా తలవకండి. నోరులేని జీవిని చంపడం గునాహ్. చట్టం దృష్టిలో కూడా నేరం, న్యాయ సంహిత 325 కింద ఐదేళ్లదాకా జైలు. ఇంకొకటి దాచకుండా చెప్పుకుందాం. మన గల్లీలో కుక్క చచ్చిపడితే, అది ముసలిదై చచ్చినా సరే, మొదటి వేలు ఎవరి గడప వైపు తిరుగుతుందో మనకు తెలుసు. అట్లాగని నోరుమూసుకుని పడి ఉండటాన్ని షరాఫత్ అని పిలవకండి. "పాపం, షరీఫ్ కుటుంబం, ఎవరి జోలికీ పోరు" అని కాలనీ మెచ్చుకుంటుంది. ఆ మెప్పు ఖరీదు మన అమ్మీ నిద్ర, మన పిల్లల చదువు.

చివరగా మా ప్రగతిశీల మిత్రులకు. మీకూ నిద్ర పట్టడం లేదు. పొద్దున పాలప్యాకెట్ కోసం వచ్చినప్పుడు మీరూ ఆ కుక్కల్నే తిట్టుకుంటారు. పది ఇళ్లు కలిసి అర్జీ పెడదామంటారు. తీరా రాసేటప్పుడు మమ్మల్ని పక్కకు పిలిచి, మా మేలు కోరే, మెల్లగా చెప్తారు: "భాయ్, నువ్వు సంతకం పెట్టకు. నీ పేరుంటే ముచ్చట వేరే అయితది. మేం చూసుకుంటం."

మీ మనసు మంచిదే. మమ్మల్ని కాపాడుతున్నామనుకుంటున్నారు. కానీ మా పేరు లేకపోతేనే మా బాధకు విలువ వస్తుందంటే, మేం ఈ గల్లీలో ఉన్నట్టా, లేనట్టా? ఓటర్ల జాబితాలో మా పేరుంది. కాలనీ బోరు మరమ్మతు చందాల పుస్తకంలో మా పేరుంది. వినాయక చవితి చందాలోనూ ఉంది. అర్జీలో మాత్రం కూడదా? పక్కింటాయన మా పేరును ఎగతాళిగా కొట్టేస్తే మీరు ప్రేమగా కొట్టేస్తున్నారు. కాగితం మీద రెండు కొట్టివేతలూ ఒక్కలాగే ఉంటాయి. ఇప్పుడు కుక్కల అర్జీలో మా పేరు వద్దంటే, రేపు రేషన్ కార్డు దగ్గర, బడి సీటు దగ్గర, అద్దె ఇంటి దగ్గర కూడా మా తరఫున మీరే మాట్లాడతారు, మేం మీ వెనకాల నిలబడతాం. అట్లా నిలబడి నిలబడి మా కాళ్లు నొప్పులు పుట్టాయి.

ఉర్దూలో పొరుగువాణ్ణి హంసాయా అంటాం. ఒకే నీడ కింద ఉండేవాడని ఆ మాటకు అర్థం. హంసాయా తల్లి కడుపున పుట్టినవాడితో సమానమని మా ఇళ్లల్లో సామెత. తెలుగులో ఇరుగుపొరుగు అంటాం, ఆ మాటను విడదీసి పలకడమే కష్టం. రెండు భాషలూ మావే. రెండు భాషల్లోనూ ఒకటే అడుగుతున్నాం. కుక్క మొరిగితే కుక్క గురించి మాట్లాడండి. నిద్ర పోతే నిద్ర గురించి మాట్లాడండి. అర్జీ రాయండి, అందులో మా సంతకం ఉంటుంది. అందరికంటే పైన వద్దు, అందరికంటే కిందా వద్దు. ఇంటి నంబర్ల వరుసలో మా వంతు ఎక్కడొస్తే అక్కడ పెడతాం.